గుండె మీది చిన్న బడి: అవయవ మార్పిడిలో థైమస్ గ్రంథి

నెల్లూరు నుంచి చెన్నైకి తెల్లవారుజామున బయలుదేరే రైళ్లలో కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు తరచుగా కనిపిస్తారు. వారి సంచిలో పాత రిపోర్టుల ఫైలు, మంచినీళ్ల సీసాతో పాటు కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా పొద్దున వేసుకోవలసిన టాక్రోలిమస్ మాత్ర ఒక చిన్న డబ్బాలో విడిగా ఉంటుంది. రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు, పొద్దుటి మాత్ర మింగకముందే రక్తం తీస్తే గాని ఒంట్లో మందు ఎంత నిలిచిందో సరిగా తెలియదు గనుక, ఆసుపత్రిలో సూది గుచ్చే దాకా ఆ డబ్బా మూత తెరవరు. లెక్క తక్కువ వస్తే కొత్త కిడ్నీకి ముప్పు. ఎక్కువ వస్తే అదే మందు ఆ కిడ్నీనే దెబ్బతీస్తుంది. ఆపరేషన్ జరిగి పదేళ్లయినా ఈ లెక్క తప్పదు. పంపర పనస పండు తిన్నా మందు లెక్క మారిపోవచ్చు కాబట్టి దాన్ని కూడా పక్కన పెట్టమంటారు.

పదేళ్లుగా ఒంట్లోనే ఉంటూ, ఆ ఒంటి నెత్తురునే రోజంతా వడగడుతున్న కిడ్నీని శరీరం ఇంకా పరాయిదిగానే ఎందుకు చూస్తుంది? సహవాసంతో చనువు పెరగడం మనుషుల మధ్య మాట. రోగనిరోధక వ్యవస్థకు తనదేదో పరాయిదేదో నేర్పే చోటు ప్రధానంగా ఒకటే, అది థైమస్ గ్రంథి. ఆ బడి నిండుగా నడిచేది బాల్యంలో; అవయవ మార్పిడి అవసరం వచ్చేది ఎక్కువగా నడివయసులో. ఈ రెండు కాలాల మధ్య ఉన్న ఎడమే అవయవ మార్పిడి వైద్యానికి డెబ్బై ఏళ్లుగా అడ్డుపడుతున్న అసలు చిక్కు. మందులతో తిరస్కరణను అణచడం వైద్యులకు బాగానే చేతనవుతోంది. శరీరాన్ని ఒప్పించడం మాత్రం, కొద్దిమంది విషయంలో తప్ప, ఇంకా చేతికి చిక్కలేదు.

థైమస్‌ను తెలుగు పుస్తకాల్లో బాలగ్రంథి అంటారు. ఆ పేరు పెట్టినవారెవరో గాని మంచి పేరే పెట్టారు. రొమ్ము ఎముక వెనుక, గుండెకు పైభాగాన రెండు తమ్మెలుగా ఉండే ఈ గ్రంథి పుట్టినప్పుడు 10 నుంచి 15 గ్రాములు ఉండి, యుక్తవయసు నాటికి 30, 40 గ్రాములకు చేరి, అక్కడి నుంచి ఏటేటా కొవ్వుగా మారిపోతూ వస్తుంది. మాంసం కొట్టులో లేత గొర్రెపిల్లను కోసినప్పుడు గుండె పైనా, మెడ కిందా లేత రంగులో, తాకితే జారిపోయే మెత్తటి ముద్దగా ఉండేది ఇదే. తెల్లటి పల్ల అయినా, కళ్ల చుట్టూ నల్లమచ్చల జోడిపి అయినా, ఈడు ముదిరిన నెల్లూరు గొర్రెలో అదే చోట వెతికితే కొవ్వు తప్ప పెద్దగా ఏమీ చేతికి రాదు.

పెద్దవారిలో ఇలా ఎండిపోయే అవయవాన్ని వైద్యులు చాలాకాలం పనికిరానిదిగా లెక్కగట్టారు. అంతకంటే పెద్ద పొరపాటు ఇంకొకటి జరిగింది. శవపరీక్షలకు ఎక్కువగా దొరికేవి దీర్ఘకాలం జబ్బుపడి, తిండిలేక చిక్కి చనిపోయిన పేదవారి దేహాలు. జబ్బు, ఆకలి థైమస్‌ను త్వరగా కుంచింపజేస్తాయి కాబట్టి, ఆ కుంచించుకుపోయిన పరిమాణమే సహజమని శరీరశాస్త్రజ్ఞులు అనుకున్నారు. ఆరోగ్యంగా ఉండి హఠాత్తుగా చనిపోయిన పసిపిల్లల్లో ఉన్న మామూలు థైమస్ వారి కంటికి వాచిపోయినట్లు కనిపించింది. ఆ వాపే పిల్లల్ని చంపుతోందన్న సిద్ధాంతం 1889 నుంచి వేళ్లూనుకుని, ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో అమెరికాలో వేలాది పసివారి రొమ్ములకు ఎక్స్ కిరణాలు పెట్టించింది. అలా కిరణాలు తగిలిన పిల్లల్లో కొందరికి తరువాత థైరాయిడ్ క్యాన్సర్ వస్తోందని 1950లో న్యూయార్క్ వైద్యులు గుర్తించారు. లేని జబ్బుకు చేసిన వైద్యం ఉన్న ప్రాణాలకు ముప్పు తెచ్చింది.

థైమస్ అసలు పని 1961లో, అదీ అనుకోకుండా, బయటపడింది. లండన్‌లోని ఛెస్టర్ బీటీ పరిశోధన సంస్థలో జాక్ మిల్లర్ ఎలుకల్లో రక్త క్యాన్సర్ కలిగించే ఒక వైరస్ మీద పనిచేస్తూ, అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల్లో థైమస్‌ను తీసివేశారు. ఆ పిల్లలు కొన్ని వారాలు బాగానే ఉండి, తరువాత చిక్కిపోయి, చిన్న చిన్న అంటురోగాలకే చనిపోసాగాయి. వాటి రక్తంలో లింఫోసైట్లు అనే ఒక రకం తెల్లకణాలు బాగా తగ్గిపోయాయి. వాటి మీద వేరే జాతి ఎలుక చర్మం అతికిస్తే అది ఊడిపోకుండా, వెంట్రుకలు మొలిచి నిలిచిపోయింది. పెద్ద ఎలుకలో అదే గ్రంథిని తీసివేస్తే పెద్దగా తేడా కనిపించలేదు, ఎందుకంటే అప్పటికే చదువు ముగించుకున్న కణాలు ఒళ్లంతా పరుచుకుని ఉన్నాయి. అవయవ మార్పిడి శాస్త్రానికి పితామహుడనదగిన పీటర్ మెడావర్ సైతం రెండేళ్ల తరువాత కూడా థైమస్‌లో లింఫోసైట్లు ఉండడం పరిణామక్రమంలో జరిగిన యాదృచ్ఛిక సంగతేనన్న అభిప్రాయంలో ఉన్నారంటే, ఆ కాలపు నమ్మకం ఎంత బలంగా ఉండేదో ఊహించుకోవచ్చు.

ఎముక మజ్జలో పుట్టిన కణాలు థైమస్‌కు చేరి అక్కడ టి కణాలుగా తయారవుతాయి. వాటి పేరులోని టి అక్షరం థైమస్ నుంచి వచ్చినదే. ప్రతి కణం, ఎదురైనదాన్ని పట్టి గుర్తించే తన గ్రాహకాన్ని తానే, జన్యు ముక్కలను ఇష్టం వచ్చినట్లు కలగలిపి, తయారు చేసుకుంటుంది. రేపు ఏ సూక్ష్మజీవి ఏ రూపంలో వస్తుందో తెలియదు కాబట్టి ఈ గుడ్డిపోగు అవసరం. కానీ ఇలా పుట్టిన గ్రాహకాల్లో కొన్ని ఏ పనికీ రావు, కొన్ని సొంత శరీరం మీదికే తిరుగుతాయి. అందుకని రెండు పరీక్షలు ఉంటాయి. శరీర కణాలు తమ లోపలి ప్రొటీన్ ముక్కలను హెచ్‌ఎల్‌ఏ అనే అణువుల పళ్లెంలో పెట్టి పైకి చూపుతుంటాయి. ఆ పళ్లేన్ని కాస్తయినా గుర్తించగలగడం మొదటి పరీక్ష. గుర్తించలేని కణం బతకదు. పళ్లెంలో ఉన్న సొంత సరుకును మరీ గట్టిగా పట్టుకోకపోవడం రెండో పరీక్ష. పట్టుకున్న కణం అక్కడే ఆత్మహత్య చేసుకుంటుంది, లేదా మరో రకమైన ఉద్యోగానికి మళ్లుతుంది. ఆ ఉద్యోగం సంగతి తరువాత. చేరిన వందలో మూడు నుంచి అయిదు కణాలే ఉత్తీర్ణమై బయటికి వస్తాయి. నెల్లూరు రెసిడెన్షియల్ కాలేజీల ర్యాంకుల ఫ్లెక్సీలు చూసి పెరిగినవారికి ఇది ఏ మాత్రం ప్రకటించుకోదగ్గ శాతం కాదు, కానీ ఈ బడికి తప్పించడంలోనే పేరు.

రెండో పరీక్షలో ఒక సందేహం వస్తుంది. ఇన్సులిన్ పాంక్రియాస్‌లో తయారవుతుంది, థైరోగ్లోబులిన్ థైరాయిడ్‌లో తయారవుతుంది. రొమ్ము ఎముక వెనుక కూర్చున్న థైమస్ ఆ సరుకును విద్యార్థులకు ఎలా చూపుతుంది? నెల్లూరు మొలగొలుకుల బస్తాలోంచి వ్యాపారి గుప్పెడు మచ్చు తీసి అరచేతిలో చూపినట్లు, థైమస్‌లోని కొన్ని కణాలు శరీరంలోని వేలాది ప్రొటీన్లను మచ్చుకు కొంచెం కొంచెంగా తామే తయారుచేసి చూపుతాయి. ఈ పని నడిపించే ఎయిర్ అనే జన్యువును 1997లో కనుగొన్నారు. పుట్టుకతో ఆ జన్యువు చెడినవారిలో శరీరం తన గ్రంథుల మీద తానే దాడి చేస్తుంది. పారాథైరాయిడ్, అడ్రినల్ గ్రంథులు ఒకదాని తరువాత ఒకటి దెబ్బతింటాయి. మచ్చు చూపని సరుకును పరాయిదిగా చూడడం టి కణాల స్వభావమని ఈ అరుదైన జబ్బు స్పష్టంగా చూపింది.

దాత కిడ్నీ తిరస్కరణకు గురికావడానికి మూలం ఇక్కడే ఉంది. ఆ కిడ్నీలోని హెచ్‌ఎల్‌ఏ పళ్లెం గ్రహీత థైమస్‌లో మచ్చుకైనా ఎన్నడూ కనపడలేదు. విచిత్రమేమిటంటే ఒక మామూలు వైరస్‌ను గుర్తించే టి కణాలు లక్షలో ఏ కొన్నో ఉంటే, పరాయి మనిషి హెచ్‌ఎల్‌ఏ మీద స్పందించే కణాలు వందలో ఒకటి నుంచి పది దాకా ఉండవచ్చు. మొదటి పరీక్షలో పళ్లేన్ని కాస్త గుర్తించడం నేర్చిన కణాలకు, దాదాపు అదే ఆకారంలో ఉండి కొద్ది తేడా ఉన్న పరాయి పళ్లెం ఎదురైతే, ఆ పట్టు హద్దు మీరుతుంది. సొంత పళ్లెంతో హద్దు మీరిన కణాలను రెండో పరీక్ష తీసివేసింది. పరాయి పళ్లెంతో హద్దు మీరేవాటిని తీసివేసే అవకాశమే దానికి రాలేదు. నర్సరీలో నిమ్మ జాతి వేరుమొక్క మీద బత్తాయి కన్ను అంటుకడితే నిశ్చింతగా చిగురిస్తుంది. మొక్కల్లో ఇలా ఊరంతా తిరిగి సోదా చేసే కణాలు లేవు. అక్కడ కావలసిందల్లా జాతి సామీప్యం, బెరడు కలవడం.

హెచ్‌ఎల్‌ఏ జన్యువులు ఆరో క్రోమోజోమ్ మీద ఒక మూటగా ఉండి, తల్లి నుంచి ఒక మూట, తండ్రి నుంచి ఒక మూట వస్తాయి. అందుకే తల్లిదండ్రులతో బిడ్డకు సగం తప్పక కలుస్తుంది. తోబుట్టువుల మధ్య రెండు మూటలూ కలిసే అవకాశం నాలుగింట ఒకటి, అసలే కలవని అవకాశమూ నాలుగింట ఒకటి. భార్యాభర్తల మధ్య కలవడం కాకతాళీయమే. అయితే మేనరికాలు ఉన్న తెలుగు ఇళ్లలో ఈ లెక్క కొంచెం మారుతుంది. మేనమామ కూతురిని చేసుకున్న భర్తకూ ఆమెకూ ఒక మూట వంశం ద్వారా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. అక్క కూతురినే చేసుకుంటే అది సగానికి పెరుగుతుంది. మేనరికం వల్ల పిల్లలకు వచ్చే జన్యు జబ్బుల సంగతి వేరు, దాన్ని ఈ లెక్కతో సమర్థించనక్కర్లేదు. దాత ఎవరన్న చర్చ ఇంట్లో జరిగేటప్పుడు మాత్రం ఈ వివరం తెలిసి ఉండడం మంచిది. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. భర్త కిడ్నీ భార్యకు ఇవ్వదలచినప్పుడు, కాన్పుల కాలంలో బిడ్డ ద్వారా భర్త హెచ్‌ఎల్‌ఏ ఆమె రోగనిరోధక వ్యవస్థకు ముందే ఎదురుపడి, దానికి వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) తయారై ఉండవచ్చు. దాత కణాలను గ్రహీత రక్తంతో కలిపి చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్షలో అది బయటపడి, ఇష్టపడి ముందుకొచ్చిన భర్త దాతగా పనికిరాకపోయిన సందర్భాలు ఉంటాయి.

పరాయి కణాలను శరీరం ఒప్పుకోగలదన్న మొదటి ఆధారం ఆవుల నుంచి వచ్చింది. ఒంగోలు జాతి ఆవుల్లో కవలలు అరుదు; అయినా కోడెదూడా పెయ్యా కలిసి పుడితే ఆ పెయ్య సాధారణంగా చూలు కట్టదని పశువుల పెంపకందారులకు తెలుసు. కడుపులో ఉన్నప్పుడు రెండు దూడల మాయల్లోని రక్తనాళాలు కలిసిపోయి, ఒకదాని నెత్తురు ఇంకొకదానిలోకి వెళ్లడమే దానికి కారణం. అమెరికాలోని విస్కాన్సిన్‌లో రే ఓవెన్ 1945లో ఇలాంటి కవల దూడల రక్తాన్ని పరీక్షించి, ఒక్కో దూడలో రెండు రకాల రక్తకణాలు ఉన్నాయనీ, పుట్టిన చాలాకాలం తరువాత కూడా అవి అలాగే కొనసాగుతున్నాయనీ చూపారు. తోడబుట్టిన దూడ కణాలను శరీరం వెళ్లగొట్టలేదు, ఎందుకంటే బడి తెరిచే నాటికే అవి లోపల ఉన్నాయి.

మెడావర్, బిల్లింగ్‌హామ్, బ్రెంట్ ఈ సంగతిని ప్రయోగంగా మలిచారు. రెండో ప్రపంచ యుద్ధంలో కాలిన గాయాలకు వేరేవారి చర్మం అతికించి, అది ఎందుకు ఊడిపోతుందో చూసిన అనుభవం మెడావర్‌కు ఉంది. 1953లో ఈ ముగ్గురూ ఒక జాతి ఎలుక గర్భంలో ఉన్న పిల్లలకు మరో జాతి ఎలుక కణాలు ఎక్కించి, పుట్టి పెరిగిన తరువాత ఆ రెండో జాతి చర్మాన్నే అతికిస్తే, గోధుమ రంగు ఎలుక వీపు మీద తెల్లటి వెంట్రుకల అతుకు నిలిచిపోయింది. మూడో జాతి చర్మాన్ని మాత్రం అదే ఎలుక ఎప్పటిలాగే తిరస్కరించింది. ఈ రెండో సగమే ముఖ్యం. దానికి రోగనిరోధక శక్తి తగ్గలేదు. ఒక్క దాత విషయంలో మాత్రమే అది నోరెత్తలేదు. వైద్య పరిభాషలో సహనశీలత అన్న మాటకు అర్థం ఇదే. ఈ పనికి మెడావర్‌కు, ముందే సిద్ధాంతంగా ఊహించిన ఆస్ట్రేలియా శాస్త్రవేత్త బర్నెట్‌కు 1960లో నోబెల్ బహుమతి వచ్చింది.

మనుషుల్లో మొదటి విజయం 1954 డిసెంబర్ 23న బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం చేసిన కిడ్నీ మార్పిడి. దాత, గ్రహీత ఏకరూప కవలలు కాబట్టి అక్కడ ఒప్పించవలసిన అవసరమే రాలేదు. కవలలు లేని మిగతా లోకం కోసం మందులు వచ్చాయి. 1960ల్లో అజాథయోప్రిన్, స్టెరాయిడ్లు. తరువాత నార్వే మట్టిలో దొరికిన బూజు నుంచి సైక్లోస్పోరిన్, జపాన్‌లోని త్సుకుబా మట్టిలో 1984లో దొరికిన సూక్ష్మజీవి నుంచి టాక్రోలిమస్. మన దేశంలో 1971లో వేలూరు సి.ఎం.సి.లో విజయవంతమైన కిడ్నీ మార్పిడి జరిగింది. ఈ మందులు లేకపోతే ఆ రంగమే లేదు. కానీ టాక్రోలిమస్ చేసేది టి కణం ఉద్రేకపడినప్పుడు లోపల జరిగే సంకేతాన్ని అడ్డుకోవడం. ఏ కణం దాత మీద ఉద్రేకపడింది, ఏ కణం క్షయ సూక్ష్మజీవి మీద ఉద్రేకపడింది అన్న తేడా దానికి తెలియదు. అందుకే మార్పిడి చేయించుకున్నవారిలో అంటురోగాలు, కొన్ని రకాల క్యాన్సర్లు, షుగరు ఎక్కువ. తిరస్కరణ నెమ్మదిగా సాగి పది, పదిహేనేళ్లకు కిడ్నీ మళ్లీ చేతికి రాకుండా పోవడమూ ఉంది.

బడిలో దాత మచ్చు చూపించగలిగితే ఈ అణచివేత అక్కర్లేదన్నది సూటి ఆలోచన. దానికి ఎముక మజ్జ ఒక దారి. దాత మజ్జలోని మూలకణాలు గ్రహీతలో స్థిరపడితే, వాటి సంతానంలో కొన్ని థైమస్‌కు చేరి అక్కడ దాత పళ్లేన్ని చూపుతాయి. కొత్తగా తయారయ్యే టి కణాల్లో దాత మీద తిరగబడేవి రెండో పరీక్షలోనే తప్పిపోతాయి. ఎలుకల్లో ఇది చక్కగా పనిచేసింది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో డేవిడ్ సాక్స్, మెగన్ సైక్స్, తాత్సువో కవాయ్ తదితరులు దీన్ని మనుషుల దాకా తెచ్చి, హెచ్‌ఎల్‌ఏ సగమే కలిసిన దాతల నుంచి కిడ్నీతో పాటు మజ్జనూ ఇచ్చిన అయిదుగురి వివరాలను 2008లో ప్రకటించారు. అంతకుముందు మజ్జకు చోటు చేయడానికి సైక్లోఫాస్ఫమైడ్, టి కణాలను తగ్గించే ప్రతిరక్షకం, థైమస్ ఉన్న చోట రేడియేషన్ ఇచ్చారు. అయిదుగురిలో నలుగురు తిరస్కరణ మందులన్నీ ఆపివేయగలిగారు. ఒకరి కిడ్నీ దెబ్బతిన్నది. మన దేశంలో అహ్మదాబాద్ కిడ్నీ సంస్థలో హెచ్.ఎల్. త్రివేది బృందం దాత మూలకణాలను కాలేయానికి వెళ్లే సిర ద్వారా ఎక్కించి, మందుల మోతాదు తగ్గించే ప్రయత్నాలు చాలా ఏళ్లు చేసింది.

బోస్టన్ ఫలితంలో సిద్ధాంతానికి సరిపడని సంగతి ఒకటుంది, ఈ మొత్తం కథలో ఎక్కువ ఆలోచింపజేసేది అదే. ఎలుకల్లో దాత కణాలు జీవితాంతం నిలిచాయి కాబట్టి థైమస్‌లో పాఠం రోజూ సాగింది. ఆ మనుషుల్లో దాత కణాలు కొన్ని వారాలకే మాయమయ్యాయి. మచ్చు చూపేవారు వెళ్లిపోయిన తరువాత కూడా పాఠం ఏళ్ల తరబడి ఎలా నిలిచింది? ఇక్కడే పైన వాయిదా వేసిన ఆ మరో రకమైన ఉద్యోగం సంగతికి రావాలి.

పుట్టిన మూడో రోజున థైమస్ తీసివేసిన ఎలుకల్లో అండాశయాలు పాడైపోవడాన్ని 1969లో జపాన్ శాస్త్రవేత్తలు గమనించారు. థైమస్ లేకపోతే దాడి చేసే కణాలు తగ్గాలి గదా, సొంత అండాశయం మీద దాడి ఎందుకు పెరగాలి? షిమోన్ సకాగుచి ఈ ప్రశ్నను పట్టుకుని ఏళ్ల తరబడి పనిచేసి, మిగతా టి కణాలను అదుపులో పెట్టే టి కణాలూ థైమస్ నుంచే వస్తాయనీ, వాటిని సీడీ25 అనే గుర్తుతో పట్టుకోవచ్చనీ 1995లో చూపారు. అవి థైమస్ నుంచి కాస్త ఆలస్యంగా బయలుదేరుతాయి. మూడో రోజునే గ్రంథిని తీసివేస్తే దాడి చేసేవి అప్పటికే వెళ్లిపోయి, అదుపు చేసేవి లోపలే మిగిలిపోతాయి. మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ కనుగొన్న ఫాక్స్‌పీ3 జన్యువే ఆ కణాలను తయారు చేసే మీట అని తరువాత తేలింది. ఈ ముగ్గురికీ 2025 నోబెల్ వైద్య బహుమతి దక్కింది. బోస్టన్ రోగుల్లో దాత కణాలు కనిపించకుండా పోయినా, ఈ నియంత్రక కణాలు కిడ్నీలోనే పాఠాన్ని నిలుపుతున్నాయన్నది చాలామంది పరిశోధకుల అభిప్రాయం. అంటే థైమస్ చేసే పని తప్పించడం ఒక్కటే కాదు, సర్దిచెప్పేవారిని తయారుచేసి పంపడం కూడా.

మజ్జతో తిప్పి తేవడం కన్నా మచ్చును నేరుగా బడిలోకే తీసుకెళ్లిపోయినవారూ ఉన్నారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో అలీ నాజీ బృందం 1990లో ఇన్సులిన్ తయారుచేసే దాత కణాలను ఎలుక థైమస్‌లోకే ఎక్కించి, ఒకేసారి లింఫోసైట్లను తగ్గించే మందు ఇచ్చింది. ఆ కణాలు బతికాయి. అదే దాత కణాలను తరువాత వేరే చోట అమర్చినా ఎలుక వాటిని ఒప్పుకుంది. పెద్ద జంతువుల్లో, పెద్ద వయసులో ఇది అంత సులువుగా రాలేదు.

దాత థైమస్‌నే అవయవంతో పాటు తెచ్చుకోవడం ఇంకో దారి. పుట్టుకతో థైమస్ లేని పిల్లలకు ప్రయోగశాలలో పెంచిన థైమస్ కణజాలాన్ని తొడ కండరంలో నాటే వైద్యం డ్యూక్ విశ్వవిద్యాలయంలో లూయీస్ మార్కర్ట్ అభివృద్ధి చేయగా, 2021 అక్టోబర్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని ఆమోదించింది. గుండె ఆపరేషన్‌లో అడ్డం రాకుండా తీసివేసే పసివారి థైమస్సే దానికి ముడిసరుకు. అదే సంవత్సరం డ్యూక్‌లో గుండె జబ్బుతో పాటు థైమస్ లోపమూ ఉన్న ఒక పసివాడికి ఒకే దాత నుంచి గుండెనూ థైమస్‌నూ ఇచ్చారు. బిడ్డ టి కణాలు ఇకపై చదివేది గుండె ఇచ్చిన దాత బడిలోనే. పంది కిడ్నీల ప్రయోగాల్లోనూ ఇదే ఆలోచన ఉంది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ మాంట్‌గోమరీ బృందం 2021లో మెదడు మరణం సంభవించిన వ్యక్తికి అమర్చిన పంది కిడ్నీ పొర కింద ఆ పంది థైమస్ ముక్కను ముందే పెంచి పెట్టారు. 2024 ఏప్రిల్‌లో బతికున్న ఒక మహిళకు అలాంటి కిడ్నీనే అమర్చారు. ఆమె గుండెకు పెట్టిన పంపు వల్ల కిడ్నీకి రక్తం చాలక 47 రోజులకు దాన్ని తీసివేయవలసి వచ్చింది. పంది థైమస్ మనిషి కణాలకు పాఠం చెప్పగలదా అన్న ప్రశ్నకు 47 రోజుల్లో జవాబు దొరకదు.

పెద్దవారి విషయంలో అసలు అడ్డంకి థైమస్ కుంచించుకుపోవడం ఒక్కటే కాదు. బయట తిరుగుతున్న జ్ఞాపక కణాలు అంతకంటే మొండివి. నలభై ఏళ్లు బతికిన మనిషి ఒంట్లో ఎన్నో వైరస్‌లతో, టీకాలతో, కాన్పులతో, డయాలసిస్ కాలంలో ఎక్కించిన రక్తంతో శిక్షణ పొందిన టి కణాలు ఉంటాయి. ఏదో వైరస్‌ను గుర్తించడం నేర్చిన కణం, పోలిక వల్ల దాత హెచ్‌ఎల్‌ఏ మీదా ఎగబడవచ్చు. ఈ కణాలు బడికి తిరిగి రావు, మందులకూ తొందరగా లొంగవు. ఎలుకల్లో విజయవంతమైన ప్రయోగాలు మనుషుల దగ్గర తడబడడానికి ఇదొక పెద్ద కారణం. శుభ్రమైన పంజరంలో పెరిగిన ఎలుకకు ఆ జ్ఞాపకాలు లేవు. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెతలోని జవాబు ఇక్కడ కొంతవరకే నిజం, ఎందుకంటే మాను కూడా అక్కడక్కడ వంగుతోంది.

లేత వయసు ఇచ్చే వెసులుబాటుకు మంచి ఉదాహరణ టొరంటోలో దొరికింది. రక్తం గ్రూపు కలవని గుండెను పెద్దవారికి పెడితే కొన్ని నిమిషాల్లో, గంటల్లో పాడైపోతుంది. పసివారిలో ఆ ప్రతిరక్షకాలు ఇంకా తయారై ఉండవు కాబట్టి, పుట్టిన 4 గంటల నుంచి 14 నెలల లోపు వయసున్న 10 మంది పిల్లలకు గ్రూపు కలవని గుండెలు అమర్చి, అవి పనిచేస్తున్నాయని లోరీ వెస్ట్ బృందం 2001లో తెలిపింది. ఆ పిల్లల్లో దాత గ్రూపుకు వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు తరువాత కూడా సరిగా తయారు కాకపోవడం, 1953 నాటి ఎలుక పాఠం మనిషిలో మళ్లీ కనిపించినట్లే. కాలేయం సంగతి ఇంకొంచెం వేరు. అది స్వభావరీత్యానే తక్కువ గొడవ పెట్టించే అవయవం. తల్లి లేదా తండ్రి కాలేయంలో కొంత భాగం పొందిన 20 మంది పిల్లల్లో మందులను 36 వారాలకు తగ్గకుండా, మెల్లగా తగ్గిస్తూ ఆపితే, 12 మందిలో కాలేయం బాగానే ఉందని 2012లో వెలువడిన అమెరికా అధ్యయనం తెలిపింది. కిడ్నీ విషయంలో ఇలా మందు లేకుండా నిలిచేవారు చాలా అరుదు. ఒంట్లో బాగానే ఉంది గదా అని మాత్రలు తామే మానేసినవారిలో ఎక్కువమంది కిడ్నీ పోగొట్టుకుంటారు. ఎవరిలో సహనశీలత ఏర్పడిందో ముందే నమ్మకంగా చెప్పగల రక్త పరీక్ష వైద్యుల చేతికి ఇంకా రాలేదు.

పెద్దవారి థైమస్ బొత్తిగా మూతపడిన బడి అన్న అభిప్రాయమూ ఈ మధ్య సడలింది. థైమస్ తీసివేయించుకున్న పెద్దవారిని, గుండె, ఛాతీ ఆపరేషన్ జరిగినా థైమస్ తీయని రోగులతో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి పరిశోధకులు పోల్చి 2023లో ఫలితాలు ప్రకటించారు. అయిదేళ్లలో మరణాలు తీసినవారిలో 8.1 శాతం, తీయనివారిలో 2.8 శాతం, క్యాన్సర్లు 7.4 శాతం, 3.7 శాతం. చిన్నపాటి కొవ్వు ముద్దలా కనిపించేది కూడా ఏదో పని చేస్తూనే ఉందన్న మాట. మాడ్రిడ్‌లోని గ్రెగోరియో మారన్యోన్ ఆసుపత్రిలో, గుండె మార్పిడి అవసరమైన పసివారి నుంచి ఆపరేషన్‌లో తీసిన థైమస్‌ను పారవేయకుండా, దానిలోని నియంత్రక కణాలను పెంచి ఆ బిడ్డకే తిరిగి ఎక్కించే ప్రయోగం మొదలైంది. చదువు తాజాగా ముగించిన ఆ కణాలు పెద్దవారి రక్తం నుంచి తీసినవాటి కన్నా స్థిరంగా ఉంటాయన్నది దాని వెనుక ఉన్న ఆశ.

ఈ పద్ధతులు నెల్లూరు, ప్రకాశం ప్రాంతానికి ఎప్పుడు, ఏ రూపంలో చేరగలవన్నది వేరే లెక్క. పొదిలి, దర్శి, కనిగిరి వైపు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువని 1937లోనే, అవి నెల్లూరు జిల్లాలో భాగంగా ఉన్నప్పుడే, వైద్యులు రాసి పెట్టారు. ఆ ఊళ్లలో ఇప్పుడు కిడ్నీ జబ్బుల మాట కూడా తరచుగా వినిపిస్తోంది. అక్కడి నుంచి డయాలసిస్‌కే వారానికి రెండు మూడుసార్లు బస్సెక్కి వచ్చేవారికి, మజ్జకు చోటు చేసే రేడియేషన్, ఆ తరువాత తెల్లకణాలు పడిపోయి రోజుల తరబడి గదిలో ఒంటరిగా ఉండవలసిన దశ, క్షయ తిరిగి విజృంభించకుండా కాపలా, ఇవన్నీ రోజుకు రెండు మాత్రల కన్నా పెద్ద భారం. పైగా బోస్టన్ పద్ధతికి బతికున్న దాత కావాలి, ఎందుకంటే మజ్జ కోసం గ్రహీతను కొన్ని రోజుల ముందే సిద్ధం చేయాలి. ప్రభుత్వ అవయవదాన పథకమైన జీవన్‌దాన్ ద్వారా మెదడు మరణం సంభవించిన దాత కిడ్నీ వచ్చినప్పుడు కబురు అందిన గంటల్లో ఆసుపత్రికి చేరవలసిందే, ఆ ముందస్తు సన్నాహానికి వ్యవధే ఉండదు. దీనికి విరుగుడుగా, చనిపోయిన దాత వెన్నుపూసల నుంచి మజ్జ తీసి గడ్డకట్టించి దాచి, ముందు కిడ్నీని మామూలు మందులతో అమర్చి, కొన్ని నెలల తరువాత గ్రహీత తేరుకున్నాక ఆ మజ్జను ఎక్కించవచ్చన్న ఆలోచనను పరిశోధకులు కోతుల్లో పరీక్షించి సాధ్యమేనని చూపారు. అయితే ఆ నెలల వ్యవధిలో కోతుల్లోనూ దాత కిడ్నీని చూసిన జ్ఞాపక కణాలు పెరిగాయి. వాటిని ప్రత్యేకంగా తగ్గించే మందు తోడు లేకుండా మజ్జ నిలవలేదు.